కుడి భుజం మీద పైట

ఆ కామెంటు నేను పెట్టింది ఒక ఆదివారం పొద్దున, తెనాలిలో మా వీధి చివరి టిఫిన్ హోటల్లో కూర్చుని. ఎదురుగా ఇడ్లీ చల్లారిపోతోంది. రెండు వేళ్లతో టైపు చేసే అలవాటు కాబట్టి నాలుగు ముక్కలకే చాలాసేపు పట్టింది.

"సార్, ఫోటో తిరగబడింది. ఆ ఆడవాళ్లు కుడి పైట వేయలేదు. నెగెటివ్ తిరగేసి పెట్టి ప్రింటు తీశారు. వెనకాల ఉన్న సైకిలుకి చైను ఏ వైపుందో చూడండి."

దాని కింద ఇంకో రెండు కామెంట్లలో రెండు బొమ్మలు పెట్టాను. ఒకటి, అదే ఫోటో సరైన వైపు అచ్చయిన నేను విలేకరిగా పనిచేసిన పేపరు కటింగు. రెండోది, ఆ తప్పు ప్రింటు వెనకవైపు. అక్కడ రేపల్లె స్టూడియో రబ్బరు స్టాంపు, అందులో ఫోటోగ్రాఫర్ పేరు ఉన్నాయి. స్టాంపు పక్కన పెన్సిల్‌తో ఫోటోగ్రాఫర్ చేతిరాత ఉంది: "తిరగబడింది. తప్పు నాదే."

ఫోను బోర్లించి పెట్టి ఇడ్లీ తిన్నాను. అంత చల్లారిన ఇడ్లీ అంత రుచిగా నేను ఎప్పుడూ తినలేదు.

నేను కామెంటు పెట్టింది పాత ఫోటోల గ్రూపు ఒకదానిలో, దాని అడ్మిన్ గారి పోస్టు కింద. ఆయన బాపట్లలో ఉంటారు. కాలేజీలో లెక్చరర్‌గా పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ముందురోజు రాత్రి ఆయన పెనుమూడి రేవు ఫోటో ఒకటి పెట్టారు. వంతెన లేని రోజుల్లో కృష్ణ దాటడానికి పడవ కోసం నిలబడిన ఏడుగురు ఆడవాళ్లు, గంపలు, వెనకాల చెట్టుకు ఆనించిన సైకిలు. ఆ ఏడుగురికీ పైట కుడి భుజం మీదే ఉంది. దాని మీద ఆయన మూడు పేరాల వ్యాసం రాశారు. ఏటి ఒడ్డు పల్లెల్లో ఒకప్పుడు కుడి పైట ఆచారం ఉండేదనీ, అది పక్కనున్న భట్టిప్రోలు బౌద్ధం నాటి జాడ అనీ, పండితులు ఇంతవరకు దీన్ని గమనించకపోవడం శోచనీయమనీ. చివర్లో ఎప్పటిలాగే "సేకరణ" అని రాసి తన పేరు పెట్టుకున్నారు. ఫోటోకి అడ్డంగా కూడా ఆయన పేరే, ఏడుగురు ఆడవాళ్ల నడుముల మీదుగా.

టిఫిన్ హోటల్ నుంచి ఇంటికి నడిచొచ్చేలోపు మొదలైంది.

"సార్, బౌద్ధులు సైకిల్ చైను కూడా ఎడమవైపే పెట్టుకునేవారా అండి?" అని ఒకరు.

"మా నాయనమ్మ ఆ రేవులోనే పడవెక్కేది. ఆవిడ ఇప్పుడు లేచొస్తే సార్‌కి ఉంటుంది" అని ఇంకొకరు.

"అయితే ఆ పడవ సరంగు కూడా ఎడంచేతి వాటమే అంటారా?"

"నిన్న రాత్రి ఈ పోస్టు చదివి మా ఆవిణ్ణి కుడి పైట వేసుకోమన్నానండి. ఇవాళ నాకు టిఫిన్ లేదు."

ఒక్కొక్కటీ రెండేసిసార్లు చదివాను. మధ్యాహ్నానికి పోస్టు మాయమైంది. కానీ అప్పటికే జనం దాన్ని ఫోటో తీసి పెట్టుకున్నారు. ఆ ఫోటో సాయంత్రానికి మా పాత విలేకరుల వాట్సాప్ గ్రూపుకి కూడా వచ్చింది. అందులో నా పేరు తెగిపోవడంతో, పంపినాయన అది నా పనేనని తెలియక, "ఎవరో గట్టిగా ఇచ్చారు గురూ" అని రాశాడు.

ఇచ్చింది నేనే. ఇవ్వడానికి రెండేళ్లు ఆగాను.

పాత ఫోటోలంటే నాకు మొదట్నుంచీ ఇష్టమే. ఆ గ్రూపులో చేరిన కొత్తలో రోజూ గంటసేపు అందులోనే ఉండేవాణ్ని. ఎవరో వాళ్ల తాతయ్యా అమ్మమ్మా కుర్చీల్లో బిర్రబిగుసుకుని కూర్చున్న ఫోటో పెడతారు. మధ్యలో స్టూలు మీద లేసు గుడ్డ, దాని మీద రేడియో. "మా తాతగారికి అప్పట్లోనే రేడియో ఉండేది" అని గర్వంగా రాస్తారు. మర్నాడు అమృతలూరు నుంచి ఇంకొకరు వాళ్ల తాతయ్య ఫోటో పెడతారు. అదే స్టూలు, అదే లేసు గుడ్డ, అదే రేడియో. రేడియో స్టూడియోది. ఇంకెవరో రేపల్లె లైనులో బొగ్గింజను ఫోటో పెడితే, అది వేమూరు స్టేషనా భట్టిప్రోలు స్టేషనా అని రెండు రోజులు కొట్టుకుంటారు. ఆ కొట్లాటలో ఎవరికీ నష్టం లేదు. ఆ గ్రూపు నాకు అందుకే నచ్చింది.

అడ్మిన్ గారితో పరిచయమూ అలాగే అయ్యింది. మాట మంచిది, తెలుగు మంచిది. "మీ రేపల్లె వైపు పాత ఫోటోగ్రాఫర్లు ఎవరైనా ఉన్నారా అండి?" అని ఫోను చేశారు. ఒకాయన ఉండేవారని, ఆయన ఫోటోలు ఇంట్లోనే ఉన్నాయని నేనే చెప్పాను. ఆయన్ని రేపల్లె తీసుకెళ్లిందీ నేనే. ఈ కథలో నేను మర్చిపోలేనిది అదే.

రేపల్లె ఫోటోగ్రాఫర్ని నేను అన్నయ్య అనేవాణ్ని. స్టేషన్ రోడ్డులో చిన్న స్టూడియో ఉండేది. తెనాలి ఆఫీసులో నేను పనిచేసినన్నాళ్లూ రేపల్లె వైపు ఏం జరిగినా ఫోటో ఆయనదే. తీసి, కడిగి, తడి ఆరకుండానే కవర్లో పెట్టి సాయంత్రం పాసింజరు గార్డు చేతికిచ్చేవాడు. తెనాలి ప్లాట్‌ఫారం మీద నేను అందుకునేవాణ్ని. నాకు ఫోటో చూడటం నేర్పింది కూడా ఆయనే. నెగెటివ్‌కి మెరిసే వైపొకటి, మసక వైపొకటి ఉంటాయి. తొందరలో ఏది పైకి పెట్టామో చూసుకోకపోతే బొమ్మ అద్దంలోలాగా తిరగబడుతుంది. బోర్డేదైనా ఉంటే అక్షరాలు చెప్పేస్తాయి. లేకపోతే?

"ఆడవాళ్లుంటే పైట చూడు. మగవాళ్లుంటే చొక్కా జేబు చూడు. మనుషులెవరూ లేకపోతే సైకిల్ చైను చూడు. ఇవేవీ లేకపోతే అది ఫోటో కాదు, పారెయ్" అనేవాడు.

ఆ పాఠం చెప్పిన మనిషే ఒకరోజు రైలు వేళ మించిపోతోందని హడావుడిలో పెనుమూడి రేవు ఫోటో తిరగేసి పంపాడు. కవరు విప్పగానే పైట చూశాను. ఫోను చేసి, "అన్నయ్యా, మీ ఊళ్లో ఆడవాళ్లందరూ గుజరాతు వెళ్లొచ్చారా ఏంటి?" అన్నాను. అవతల ఒకటే నవ్వు. మర్నాడు సరైన ప్రింటు వచ్చింది. ఆ పై వారం కలిసినప్పుడు తప్పు ప్రింటు వెనక స్టాంపు వేసి, పెన్సిల్‌తో రెండు మాటలు రాసి నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గరే ఉండనీరా. నేనెప్పుడైనా గొప్పలకి పోతే తీసి చూపించు" అన్నాడు. చూపించే అవసరం ఎప్పుడూ రాలేదు. ఆయన గొప్పలకి పోయే మనిషి కాదు. పోయి చాలా ఏళ్లయింది.

ఇంట్లో ఇప్పుడు వదిన ఒక్కతే ఉంటుంది. నేను లెక్చరర్ గారిని తీసుకెళ్లిన రోజు ఆవిడ బీరువా పైనుంచి ఒక బిస్కెట్ల డబ్బా దింపింది. పెద్ద రేకు డబ్బా. అందులో వెన్న కాయితం కవర్లలో నెగెటివ్‌లు, ప్రతి కవరు మీదా ఊరూ సంగతీ అన్నయ్య చేత్తో రాసినవి. లెక్చరర్ గారు కిటికీ దగ్గర ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి చూశారు. కవర్లు ఎన్నున్నాయో రెండుసార్లు లెక్కపెట్టారు. పాత బొమ్మల మీద భక్తి అనుకున్నాను.

"వారం రోజుల్లో స్కాన్ చేయించి తెచ్చిచ్చేస్తానమ్మా" అన్నారు.

"ఆయన పేరు రాయండి మాస్టారూ, అంతే చాలు" అంది వదిన. తర్వాత డబ్బా అడుగునుంచి ఒక కవరు తీసి పైన పెట్టింది. "ఇదొక్కటి మాత్రం మరీ జాగ్రత్త. దీని ఫోటో చెదలు తినేశాయి. ఇదే మిగిలింది."

పెళ్లయిన రెండో నెలలో ఇద్దరూ సూర్యలంక వెళ్లారట. కెమెరాని ఇసకలో స్టాండు మీద పెట్టి, తనంతట తనే క్లిక్కుమనేలా మీట తిప్పి, అన్నయ్య పరిగెత్తుకొచ్చి ఆవిడ పక్కన నిలబడబోయాడు. ఇసకలో కాలు దిగబడి ఆలస్యమైంది. ఆయన పరుగులో ఉండగానే ఫోటో పడిపోయింది. ఆవిడ గాలికి పైట పట్టుకుని నవ్వుతూ ఉంది. ఆయన అలుక్కుపోయినట్టు, ఒక కాలు గాల్లో. ఊళ్లో అందరి పెళ్లిళ్లూ తీసిన మనిషి తన పెళ్లానితో కలిసి పడిన ఫోటో అదొక్కటే.

"మళ్లీ తీద్దామంటే రీలు అయిపోయిందన్నారు. ఆ తర్వాత జన్మంతా తీరిక లేదన్నారు" అని వదిన నవ్వింది. లెక్చరర్ గారు కూడా నవ్వి డబ్బా చంకలో పెట్టుకున్నారు.

వారం కాదు, రెండు నెలలు గడిచాయి. గ్రూపులో డబ్బాలోని ఫోటోలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. నిజాంపట్నం వలలు, చెరుకుపల్లి కుప్పనూర్పిళ్లు, చేబ్రోలు గోపురం కింద వాన. పేపరుకి హడావుడిగా పంపినవి తప్ప, అన్నయ్య ప్రతి నెగెటివ్ మూలా స్టూడియో పేరు సన్నగా రాసేవాడు, ప్రింటులో తెల్లగా పడేది. ఆ మూల కత్తిరించేశారు. కింద "సేకరణ", ఆ పక్కన ఆయన పేరు.

సేకరణ అనే మాట మీద నాకు కోపం అప్పుడే మొదలైంది. వాట్సాపులో ఎవరి కవితనో ఎవరో పంపి కింద సేకరణ అని రాసుకుంటారు. ఆ ఒక్క మాటతో రాసినవాడు మాయమైపోతాడు, పంపినవాడు మిగులుతాడు. పేపర్లో పక్కవాడి వార్త ఎత్తి రాసుకుంటే మేం దొంగతనం అనేవాళ్లం. దానికి ఇంత మర్యాదైన పేరుందని నాకు తెలియదు.

మొదట మర్యాదగానే కామెంటు పెట్టాను, ఇది ఫలానా ఆయన తీసిందని. తీసేశారు. మళ్లీ పెట్టాను. మళ్లీ తీసేశారు. ఫోను చేశాను.

"సేకరణ అంటే నేను తీశానని కాదు కదండీ. ఏరి తెచ్చానని" అన్నారు.

"ఏరడానికి అవి ఎక్కడా రాలిపోలేదు సార్. బీరువా మీద ఉన్నాయి. తీసినాయన పేరు ఎక్కడుంది?"

"అన్నీ రాయాలంటే స్థలం చాలదండీ."

పేపర్లో స్థలం చాల్లేదన్న మాట ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను జనానికి చెప్పాను. అది నాకే తిరిగి చెప్పిన మొదటి మనిషి ఆయన. అదీ ఎంత రాసినా నిండని చోట, భట్టిప్రోలు బౌద్ధం మీద మూడేసి పేరాలు రాసే మనిషి.

వదిన కూడా ఆ గ్రూపులో ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని అన్నీ చూస్తుంది. నెలకోసారి ఫోను చేసేది. "ఏమయ్యా మరిదీ, మాస్టారు మీ అన్నయ్య పేరు రాయడానికి ముహూర్తం చూస్తున్నాడా? మా పెళ్లికి కూడా ఇన్నాళ్లు చూళ్లేదే" అనేది. ఆవిడ ఎగతాళి ఆయన మీద. కానీ ప్రతిసారీ అది నాకే తగిలేది. తీసుకెళ్లింది నేను కదా.

అప్పుడు గుర్తొచ్చింది నా దగ్గరున్న తప్పు ప్రింటు. బీరువాలో పాత డైరీల కింద ఉంది. ముందువైపు మాత్రం ఫోనులో ఫోటో తీసి, పొద్దున వాకింగ్ మిత్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఒక్క మాట రాయకుండా. అందులో ఇద్దరు ఆయనకి రోజూ ఫోటోలు పంపుతుంటారని నాకు తెలుసు. నేను అబద్ధమాడలేదు. వెనకవైపు చూపించలేదు, అంతే. మూడో రోజు రాత్రికి బాపట్లలో చేప గాలానికి పడింది. ఒక్కసారి సైకిలు వంక చూసినా తప్పించుకునేవారు. ఆయన ఫోటోలు చూసే మనిషి కాదు, ఫోటోల కింద రాసే మనిషి. ఆ సంగతి నమ్ముకునే పెట్టాను.

ఆ ఆదివారం సాయంత్రం వదిన ఫోను చేసింది. ఇద్దరం బాగా నవ్వుకున్నాం. నవ్వు ఆగాక ఆవిడ, "పేరు వచ్చింది. అందరూ చూశారు. బానే ఉంది. నా డబ్బా ఏదీ?" అంది.

కాయితం చేతికి రాకముందే వార్త రాయకూడదని కొత్తవాళ్లకి నేనే చెప్పేవాణ్ని. ముందు డబ్బా, తర్వాత కామెంటు. ఆ వరస తప్పాను. కసిలో తప్పాను.

మర్నాడే బాపట్ల రైలెక్కాను. గేటు దగ్గరికి ఆయనే వచ్చారు. గొళ్లెం తీయలేదు.

"ఇంకా ఏం కావాలండీ మీకు?"

"డబ్బా కావాలి సార్."

"ఏం డబ్బా?"

"బిస్కెట్ల డబ్బా."

"బిస్కెట్లు ఏ కొట్లో అయినా దొరుకుతాయండీ" అన్నారు. ఆ మాటకి మాత్రం మెచ్చుకోవాలి. ముఖం వాడిపోయి ఉంది, కంటి కింద నిద్ర లేదు, అయినా అన్నారు.

"రేపల్లెలో మీరు చంకలో పెట్టుకొచ్చింది."

"అది ఎప్పుడో ఇచ్చేశాను. పెద్దావిడ, గుర్తుండి ఉండదు."

"చేతికే ఇచ్చారా?"

"చేతికే."

"ఏ నెలలో సార్?"

"మీరు విలేకరిలాగా ప్రశ్నలడక్కండి. మీరు రిటైరయ్యారు."

"మీరూ రిటైరయ్యారు. పాఠాలు మానలేదు కదా."

ఆయన లోపలికెళ్లిపోయారు. గేటు బయటే ఎండలో కాసేపు నిలబడ్డాను. కిటికీ తెర కదిలింది. జాలి కలగాల్సిన చోట కలగలేదు, ఉన్నమాట రాస్తున్నాను. వదినని అడిగితే, "నాకు మందులు మర్చిపోవడం ఉంది గానీ, మీ అన్నయ్య డబ్బా మర్చిపోవడం లేదు" అంది.

వారంలో గ్రూపు మూసేశారు. దాంతో పాటు రేడియో తాతయ్యలూ, వేమూరు భట్టిప్రోలు కొట్లాటా అన్నీ పోయాయి. కొందరు నన్నే అన్నారు, ఒక్క పైట కోసం మొత్తం గ్రూపు పోగొట్టావని. నెల తర్వాత ఆయన ఇంకో పేరుతో కొత్త గ్రూపు పెట్టారని తెలిసింది. ఈసారి ఎవరు పడితే వాళ్లు చేరలేరు. అడిగి చేరాలి, ఆయన ఒప్పుకోవాలి. నన్ను ఒప్పుకోరు, నేను అడగలేదు.

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం వదిన ఫోను చేసింది. గొంతులో ఎగతాళి లేదు.

"మరిదీ, నా ఫోటో నాకు వచ్చింది."

అమృతలూరులో ఉండే ఆవిడ చెల్లెలి కోడలు పంపిందట, ఎవరిదో తెలియక, సముద్రం బాగుందని. అది ఆ కొత్త గ్రూపులో ఆయన పెట్టిన ఫోటో. సూర్యలంక ఇసక, గాలికి పైట పట్టుకుని నవ్వుతున్న పిల్ల, ఒక కాలు గాల్లో ఉన్న మనిషి. కింద: "సూర్యలంక తీరంలో కొత్త జంట. ఎవరో తెలియదు. సేకరణ." ఆ తర్వాత ఆయన పేరు. ఆ ఫోటోకి ప్రింటు ఎక్కడా లేదు. నెగెటివ్ ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇచ్చేశానన్న డబ్బాలో.

నేను ముందు చూసింది పైట. ఎడమ భుజం మీదే ఉంది. పెట్టేముందు సరిచూసుకున్నారు. ఆ పాఠం ఆయనకి నేర్పింది నేనే.

కింద జనం మాట్లాడుకున్నవి కూడా ఆ కోడలే పంపింది.

"ఆయన ఎందుకు పరిగెడుతున్నాడండీ?"

"కొత్త పెళ్లాం దగ్గర్నుంచి పారిపోతున్నాడు, పాపం."

"కాదండీ, వెనక అలొచ్చినట్టుంది."

"ఫోటోగ్రాఫర్ తొందరపడ్డాడు. కొంచెం ఆగి తీసి ఉండాల్సింది."

ఈసారి ఏం చేద్దామని అడిగాను. నా బుర్రలో అప్పటికే రెండు మూడు మార్గాలు తయారుగా ఉన్నాయి, అన్నీ మొదటిదానికంటే ఘాటైనవి. "నువ్వేం చెయ్యకు. నీ చేతికొస్తే మళ్లీ నవ్వులాట అవుతుంది. నేనే రాస్తాను" అంది.

కొత్త గ్రూపులో చేరాలంటే ఒక ప్రశ్నకి జవాబు రాయాలి: ఈ గ్రూపులో ఎందుకు చేరాలనుకుంటున్నారు? వదిన కళ్లద్దాలు పెట్టుకుని, అక్షరం అక్షరం వెతుక్కుంటూ ఇలా రాసింది: "ఆ ఫోటోలో ఉన్నది నేను. పరిగెడుతున్నది మా ఆయన. ఫోటో తీసింది కూడా ఆయనే."

అది పంపి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. నిన్న రేపల్లె వెళ్లినప్పుడు ఆవిడ ఫోను నా చేతికిచ్చి చూడమంది. అభ్యర్థన పెండింగ్‌లో ఉంది.